కమలాపళ్ళు, నిమ్మకాయలు, సగం కుట్టుకూలి

2024 అక్టోబరులో ఢిల్లీ మెట్రో రైలు పెట్టెల్లో అతికించిన ఒక పోస్టరు గురించి పేపర్లలో గొడవ నడిచింది, మీకూ గుర్తుండే ఉంటుంది. బస్సులో ఆడవాళ్ళు, చేతుల్లో కమలాపళ్ళు. చూడగానే కంప్యూటర్ చేత గీయించిందని తెలిసిపోయే బొమ్మ. నెలకోసారి మీ కమలాపళ్ళను పరీక్షించుకోండి అని ఇంగ్లీషులో ఒక ముక్క. రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసమట. వేయించింది క్రికెటర్ యువరాజ్ సింగ్ పెట్టిన యూవీకెన్ ఫౌండేషన్. తనే క్యాన్సర్ నుంచి బయటపడిన మనిషి కాబట్టి ఉద్దేశాన్ని శంకించడానికేం లేదు. కానీ జనం తిట్టిపోశారు, మెట్రో వాళ్ళు పోస్టరు తీసేశారు, సంస్థ వాళ్ళేమో బాగా ఆలోచించే అలా చేశామని సమర్థించుకున్నారు.

అప్పుడు మా ఇంట్లోనూ రెండు పార్టీలు. "చావుబతుకుల విషయంలో వేళాకోళం ఏంటసలు?" అని మా వారు. "నవ్వు రాకపోతే ఎవరు చూస్తారు నాన్నా, ప్రతి అక్టోబరూ ఆ గులాబీ రిబ్బను చూసి చూసి ఎవరికీ అది కంటికే ఆనడం లేదు" అని మా అమ్మాయి. కూర తరుగుతూ ఇద్దరి మాటా విన్నాను. నాకు ఆ పోస్టరు మీద కోపం వచ్చింది గానీ, అది మా వారికొచ్చిన కోపం కాదు. నవ్వించినందుకు కాదు నా కోపం. పండు చేతికిచ్చి, చెప్పాల్సిన మాట మింగేసినందుకు.

ఎందుకంటే ఆ కమలాపండులోనే అసలు సంగతి ఉంది! రొమ్ము మీద చర్మం కమలాపండు తొక్కలాగా మందంగా, సన్నటి గుంటలు గుంటలుగా తయారవడం ఈ జబ్బుకున్న గుర్తుల్లో ఒకటి. డాక్టర్లు దాన్ని ఆ పండు పేరుతోనే పిలుస్తారు. చేతిలో కమలాపండు పెట్టుకుని, "మీ చర్మం ఈ తొక్కలా కనబడితే ఆగకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని ఒక్క వాక్యం రాసుంటే ఆ పోస్టరుకి జన్మంతా రుణపడి ఉండేవాళ్ళు ఎంతమందో. అది రాయలేదు. పండుని పండులా కాక చాటుమాటుకి వాడుకున్నారు. ఆ సైగ తెలిసినవాళ్ళు చిరాకు పడ్డారు, తెలియనివాళ్ళు ఇదేదో పళ్ళరసం ప్రకటన అనుకుని స్టేషన్‌లో దిగిపోయి ఉంటారు.

అదే పళ్ళతో, అదే కొంటెతనంతో, పని జరిగేలా చేసినావిడ ఒకరున్నారు. కొరీన్ బోమాంట్ అనే అమెరికన్ డిజైనర్. కోడిగుడ్లు పెట్టుకునే అట్టపెట్టెలో పన్నెండు నిమ్మకాయలు పెట్టింది, అంతే. ఒక కాయకి సొట్ట, ఒకదానికి ఎర్రటి మచ్చ, ఒకదాని మీద ఉబ్బిన నరం, ఒకదాని ముచ్చిక లోపలికి పోయి, ఒకదాన్నుంచి బొట్టు కారుతూ, ఒకదాని తొక్క గుంటలు పడి... పన్నెండో పన్నెండు గుర్తులు. ఒక కాయని అడ్డంగా కోసి, లోపలి గింజని చూపించి, గడ్డ ఎలా ఉంటుందో చెప్పింది. 2017 జనవరిలో అది ఫేస్‌బుక్‌లో ఊరూరా తిరిగింది. చదువు రాని మనిషికైనా అర్థమవుతుంది, పదేళ్ళ పిల్లాడి ముందైనా గోడకి తగిలించొచ్చు. చూస్తే నవ్వొస్తుంది కూడా, ఎందుకంటే నిమ్మకాయలు అంత బుద్ధిగా వరసలో కూర్చుని ఉంటాయి. నవ్విన తర్వాత మాత్రం మనసులో పన్నెండు బొమ్మలు మిగులుతాయి. కమలాపళ్ళ పోస్టరు చూశాక ఏం మిగులుతుంది? "అవేంటో నాకు తెలుసులే" అనే ముసిముసి నవ్వు ఒక్కటే.

మన భాషలో ఈ మాటతో ఉన్న పేచీ తమాషాగా ఉంటుంది. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడని ఎంతో గొప్పగా రాసుకుంటాం. ఆడదాని దగ్గరికొచ్చేసరికి అదే మాట గొంతు దిగదు. "ఛాతీలో ఏదో" అంటాం, "ఇక్కడ" అని చెయ్యి చూపిస్తాం, మరీ దగ్గరివాళ్ళయితే "పైన" అంటాం. చంటిబిడ్డ అన్న మాట రోజుకి పదిసార్లు అనుకుంటూనే ఉంటాం, చంటి అంటే ఏంటో ఎవరికీ గుర్తురాదు. ఇంగ్లీషు వాళ్ళకి పిల్లల భాషలాంటి చిలిపి మాటలు బోలెడున్నాయి. మనకి ఒకవైపు పుస్తకాల స్తనం, ఇంకోవైపు వీధిలో వినబడే బూతు. మధ్యలో నవ్వుతూ అనుకునే మాట ఒక్కటీ లేదు. అందుకే అక్కడి చమత్కారాలు ఇక్కడికి తెచ్చి తెలుగులో అతికిస్తే అయితే అర్థం కావు, లేకపోతే వెగటుగా ఉంటాయి.

ఆ మాట గొంతు దిగకపోవడం ఎంత ఖరీదైనదో మా మేనత్తని చూసి తెలుసుకున్నాను. తెనాలి మనిషి. భర్త పోయాక హైదరాబాదులో కొడుకు దగ్గరే ఉంటుంది, మా పక్క వీధిలోనే. స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదనుకుంది. వేడి చేసిందేమోనని ఆముదం రాసింది, గంధం తీసి పట్టు వేసింది. అలా ఏడు నెలలు. ఈ జబ్బులో గడ్డ చాలాసార్లు నొప్పి పుట్టదని, అదే దాని మోసమని, ఆవిడకి ఎవరు చెప్పారు గనక? తర్వాత అడిగాను, "ఏమత్తా, నాకైనా చెప్పొచ్చు కదా" అని. "ఇంట్లో ఉన్నది మగపిల్లాడే. కొడుక్కి ఏమని చెప్పనే? నీకు చెబితే నువ్వు వాడికి చెబుతావు" అంది. ఒక రొమ్ము తీసేశారు, కీమో ఇచ్చారు, ఆరేళ్ళయింది, బాగానే ఉంది. ఆ ఏడు నెలల ముందే వెళ్ళి ఉంటే ఆపరేషన్ చిన్నదే అయ్యేదేమోనన్న మాట మాత్రం మా ఇంట్లో ఎవరం ఎత్తం.

ఇప్పుడు నేను చెప్పబోయేది, మా అత్త అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆపరేషన్ అయిన అయిదో నెలలో మేనకోడలి పెళ్ళికి జాకెట్టు కుట్టించుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. పాతికేళ్ళుగా కుడుతున్న టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుని, ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తోంది. మా అత్త చేతులు పైకెత్తి, "కొలత ఒకవైపే తీసుకో తల్లీ, కుట్టుకూలి కూడా సగమే ఇస్తాను" అంది. టైలరమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వేసింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది కూడా. ఆ తర్వాత ఇద్దరూ కలిసి జాకెట్టు లోపల ఒకవైపు జేబులా కుట్టి అందులో ఏం పెడితే బరువు సరిపోతుందో అరగంట చర్చించారు. ఆవాలు పోసి చూద్దామని కూడా అనుకున్నారు. తడిస్తే మొలకలొస్తాయేమోనని మానేశారు.

(ఈ సమస్యకి ఊలుతో పరిష్కారం కనిపెట్టిన ఆడవాళ్ళు అమెరికాలో ఉన్నారని తర్వాత చదివాను. 2011లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది, పేరు నిటెడ్ నాకర్స్. పేరే ఒక కొంటె జోకు. మెత్తటి నూలుతో అల్లి, దూది కూరి, కావలసినవాళ్ళకి ఊరికే పంపిస్తారు. మన దేశంలోనూ అల్లి ఇస్తున్న ఆడవాళ్ళున్నారు. మా అత్తకి చూపిస్తే "ఆవాల కన్నా నయం" అంది.)

ఆ నవ్వు ఆవిడది. ఆవిడ శరీరం, ఆవిడ కోత, ఆవిడ ఛలోక్తి. ఇంకొకళ్ళు అదే మాట అని ఉంటే చెంప పగలగొట్టాలనిపించేది.

అని ఉంటే ఏంటి, అన్నారు కూడా. రెండేళ్ళ క్రితం ఒక అక్టోబరులో విరాళాల కోసం పెట్టిన కార్యక్రమానికి వెళ్ళాం, ఎవరు పెట్టారో అనవసరం. హాలంతా గులాబీ బెలూన్లు. వ్యాఖ్యాత కుర్రాడు మైకు పుచ్చుకుని మగవాళ్ళ వైపు తిరిగి, "సార్, వాటిని కాపాడుకోవడం మీ చేతుల్లోనే ఉంది, పర్సు తియ్యండి" అన్నాడు. ఈలలు, చప్పట్లు. నిజం చెప్పాలంటే డబ్బులు కూడా బాగానే పడ్డాయి డబ్బాలో. నా పక్కన మా అత్త పైట సర్దుకుంది. ఆవిడ పైట సర్దుకోవడం ఆ రోజు నాలుగైదు సార్లు చూశాను. ఆ హాల్లో ఎవరి కోసమైతే సభ పెట్టారో, వాళ్ళు కూర్చోలేని సభ అయింది అది.

అమెరికాలో ఈ తరహా ఎప్పటినుంచో ఉంది. "సేవ్ ద టాటాస్" అని చొక్కాల మీద వేసుకుని తిరుగుతారు. (టాటా అంటే మనకి ఉప్పు, టీపొడి. వాళ్ళకి ఇదట.) ఆ నినాదం మళ్ళీ ఒకసారి చదవండి. కాపాడమంటున్నది మనిషిని కాదు. ప్రాణం నిలబడాలంటే వాటిని తీసేయాల్సి వచ్చినవాళ్ళ పరిస్థితేంటి ఆ లెక్కన? కాపాడలేకపోయిన ఖాతాలోకా?

అలాగని చిలిపి మాట ఉన్న ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టేయను. పెన్సిల్వేనియాలో ఈస్టన్ అనే ఊళ్ళో ఇద్దరు స్కూలు పిల్లలు "ఐ లవ్ బూబీస్" అని రాసున్న రబ్బరు గాజులు వేసుకొచ్చారని 2010లో బడివాళ్ళు శిక్షించారు. పిల్లలు కోర్టుకెళ్ళారు. 2013లో అప్పీలు కోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది, మరుసటేడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అది వాళ్ళ మాట్లాడే హక్కు కాబట్టి నేనూ పిల్లల పక్షమే. పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్లలు తమ శరీరం గురించి తాము సిగ్గుపడకుండా ఒక మాట చేతికి కట్టుకుంటే బడికొచ్చిన నష్టమేంటి? ఆ మాటనే ఒక మగ వ్యాఖ్యాత మైకులో అంటే నాకు వెగటు. మాట ఒకటే, నోరు వేరు.

మన దగ్గర కూడా అంతే కదా. పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళని ఏడిపించే పాటలు విన్నవాళ్ళకి తెలుసు, మన అమ్మమ్మలు ఎంత మోటు సరసాలు ఆడేవాళ్ళో. నడుము, నడక, ఒళ్ళు, దేన్నీ వదిలేవాళ్ళు కాదు. అదంతా ఆడవాళ్ళ మధ్య, వంతులు వేసుకుని, నువ్వొకటంటే నేనొకటి అని సాగేది. ఆ నవ్వు ఇళ్ళల్లోంచి పోయింది. మిగిలింది టీవీ స్కిట్లు. మగవాడు చీర కట్టి, జాకెట్లో గుడ్డలు కూరుకుని వస్తాడు, ఆ కూరుకున్న గుడ్డల మీదే జోకంతా. ఆడదాని శరీరమంటేనే నవ్వులాట అని పదేళ్ళ పిల్లలకి నేర్పుతున్న తరగతి అది. "క్యాన్సర్ ప్రచారంలో కాస్త హాస్యం పెడదాం" అని మన ఊళ్ళలో ఎవరైనా అంటే నాకు భయమేసేది అందుకే. చేతికందే హాస్యం అదే మరి.

మగవాడి ఛాతీతో కూడా నవ్విస్తూ మంచిపని చెయ్యొచ్చని అర్జెంటీనా వాళ్ళు చూపించారు. ఎలా పరీక్షించుకోవాలో వీడియో తీద్దామంటే ఆడవాళ్ళ చనుమొన కనబడితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అప్పట్లో తీసేసేవి. అందుకని 2016లో మాక్మా అనే అక్కడి సంస్థ బాగా ఒళ్ళున్న ఒక మగాయన్ని కెమెరా ముందు నిలబెట్టి, వెనక నుంచి ఒకావిడ చేతులు పెట్టి అతని ఛాతీ మీద పరీక్షంతా చేసి చూపించింది. ఎక్కడ నొక్కాలి, ఎలా గుండ్రంగా తిప్పాలి, చంకలో ఎలా తడమాలి, అన్నీ. కడుపుబ్బ నవ్వుకుంటాం, ఆ నవ్వు ఆడవాళ్ళ మీద కాదు, ఆ నియమం పెట్టినవాళ్ళ మీద. నవ్వుతూనే పరీక్ష మొత్తం నేర్చేసుకుంటాం. మన స్కిట్లకీ దీనికీ వేషం దాదాపు ఒకటే, చూడండి.

మా అమ్మాయి వాదనలో నిజం లేకపోలేదని నాకు చూపించినావిడ క్రిస్ హాలెంగా. ఇంగ్లండు అమ్మాయి. మొదట డాక్టర్లు హార్మోన్ల వల్ల అని పంపేశారట. 2009లో, ఇరవై మూడేళ్ళకి, క్యాన్సర్ అని తేలింది, అదీ నాలుగో దశ. ఆ ఏడే కవల సోదరితో కలిసి కొప్పాఫీల్ అనే సంస్థ పెట్టింది. పేరే ఒక కొంటె మాట. రొమ్ముల ఆకారంలో పెద్ద పెద్ద వేషాలు వేసుకుని కాలేజీల్లో, పాటల పండగల్లో తిరిగారు. స్నానాలగదిలో అతికించుకునే కాగితాలు పంచారు, నెలనెలా ఫోనుకి గుర్తుచేసే మెసేజీ పెట్టారు. చూశారా, వేషం ఒక చేత్తో, కాగితం ఇంకో చేత్తో. 2023లో బతికుండగానే తన అంత్యక్రియల సభ ట్రూరో కెథీడ్రల్‌లో వేడుకగా జరుపుకుంది, హాస్యనటి డాన్ ఫ్రెంచ్ తన టీవీ పాత్రలోని ఫాదరమ్మ వేషంలో వచ్చింది. 2024 మేలో, ముప్ఫై ఎనిమిదేళ్ళకి పోయింది. జబ్బు బయటపడ్డాక పదిహేనేళ్ళు బతికి, తన వయసు పిల్లలకి చెయ్యి పెట్టి చూసుకోవడం నేర్పింది. ఆవిడ వేళాకోళమాడితే కాదనే అర్హత ఎవరికుంది?

జబ్బు వచ్చినవాళ్ళందరూ నవ్వాలని మాత్రం ఎవరూ అనకండి. బార్బరా ఎరెన్‌రైక్ అనే రచయిత్రి తనకి ఈ జబ్బు వచ్చినప్పుడు 2001లో హార్పర్స్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఆ గులాబీ రంగు టెడ్డీబేర్లు, ఆ బలవంతపు ఉల్లాసం చూసి ఆవిడకి ఒళ్ళు మండింది. కోపం తెచ్చుకోవడానికి కూడా రోగికి హక్కుందని ఆవిడ గొడవ. మా అత్త జోకులేస్తుందని, ఇంకో పేషెంటుని "మీరు కూడా ధైర్యంగా నవ్వాలండీ" అని వేధించేవాళ్ళని ఆస్పత్రి వరండాల్లో చూశాను. పాపం, ఒళ్ళంతా మంటగా ఉన్న మనిషి మీ కోసం నవ్వాలా?

ఇక డబ్బు సంగతి. సరదా పుట్టించే డబ్బు ఎంతుంటుందో నాకు తెలుసు, కాదనను. 2014 మార్చిలో బ్రిటన్‌లో ఆడవాళ్ళు మేకప్ లేకుండా సెల్ఫీలు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరు మొదలెట్టారో, ఎందుకో, ఆ సంస్థకే తెలియదు, ఆరు రోజుల్లో క్యాన్సర్ రీసెర్చ్ యూకే కి 80 లక్షల పౌండ్లు వచ్చిపడ్డాయి. కొందరు మెసేజీలో బీట్ అని కొట్టబోతే ఫోను దాన్ని బేర్ అని మార్చేసి, ధ్రువపు ఎలుగుబంటిని దత్తత తీసుకుంటారా అని జవాబొచ్చిందట! వచ్చిన డబ్బు పరిశోధనకే పోయింది కాబట్టి నాకే అభ్యంతరమూ లేదు. కానీ 2010లో ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ళంతా ఒక రంగు పేరు పెట్టి మగవాళ్ళకి చెప్పకండి అని గుసగుసలాడుకున్నారే, తాము వేసుకున్న లోదుస్తుల రంగది, దానికి డబ్బూ రాలేదు, సంగతీ తెలియలేదు. గుట్టుగా ఉంచడమే ఆటయితే అవగాహన ఎక్కడిది? మా అత్త ఏడు నెలలు చేసింది కూడా ఆ గుట్టే కదా.

మన దేశంలో 2022లో కొత్తగా ఈ జబ్బు బయటపడినవాళ్ళు సుమారు లక్షా తొంభై రెండు వేలమంది, పోయినవాళ్ళు తొంభై ఎనిమిది వేల పైన అని అంతర్జాతీయ లెక్కలు. పాశ్చాత్య దేశాల్లో కన్నా మన దగ్గర ఆలస్యంగా డాక్టరు ముందుకొచ్చేవాళ్ళు ఎక్కువ. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు ఒక అధ్యయనం చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు, ఖరీదైన యంత్రమేదీ లేదు. యాభై దాటినవాళ్ళలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ళు దాదాపు ముప్ఫై శాతం తగ్గారు. ముప్ఫై దాటిన ఆడవాళ్ళకి ఈ పరీక్ష ఆరోగ్య కేంద్రాల్లో చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మన ఏఎన్ఎమ్ అమ్మాయిని అడగొచ్చు. చార్మినార్‌కి గులాబీ దీపాలు వేసినప్పుడు బాగానే ఉంటుంది, నేనూ ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటో కింద ఈ రెండు ముక్కలు ఎవరూ రాయరు.

ఈ అక్టోబరుకి మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం హౌసీ పెట్టుకుంటున్నాం. టికెట్ యాభై రూపాయలు, వచ్చిన డబ్బు క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చే పల్లెటూరి పేషెంట్ల బస్సు ఛార్జీలకి. ప్రతి టికెట్ వెనక పన్నెండు గుర్తుల్లో ఒకటి తెలుగులో ఉంటుంది. అంకె పిలిచినప్పుడు ఒక్కో కొంటె మాట జోడించి పిలవడం హౌసీలో మామూలే కదా, ఆ పిలిచే పని మా అత్త తీసుకుంది. మగవాళ్ళు రావచ్చు, టికెట్ కొనచ్చు, మైకు మాత్రం ఇవ్వం.

చిక్కల్లా నోటీసు బోర్డు దగ్గరొచ్చింది. సెక్రటరీ గారు "మహిళల ఆరోగ్య కార్యక్రమం అని వేద్దామండీ, పిల్లలు చదువుతారు" అంటున్నారు. రొమ్ము క్యాన్సర్ అని పూర్తిగా రాస్తేనే అంకెలు పిలుస్తానని మా అత్త భీష్మించుకుని కూర్చుంది. ఆదివారం మీటింగులో తేలాలి.